ఎడ్యుకేషన్ హబ్ సరే, పిల్లలు ఊళ్ళో కనపడరేం?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో ఎడ్యుకేషన్ హబ్ అనే మాట ఈ మధ్య తెగ కనపడతా ఉంది. ఏ కాలేజీ బిల్డింగ్ ఓపెనింగ్ అయినా అదే మాట, నాయకులు మైకు పట్టుకున్నా అదే మాట, ర్యాంకుల ఫుల్ పేజీ యాడ్‌లో కూడా అదే. కాదని ఎవరన్నారు లెండి. గుంటూరు నుంచి బెజవాడకి పట్టుమని 35 కిలోమీటర్లు, ఆ కాస్త దూరంలో ఎటు చూసినా కాలేజీలే, రోడ్డు మీద నాగార్జున యూనివర్సిటీ, మంగళగిరిలో ఎయిమ్స్, వడ్డేశ్వరంలో కేఎల్, లోపలికెళ్తే నీరుకొండలో ఎస్ఆర్ఎం, ఐనవోలులో విట్, ఇటు చౌడవరంలో ఆర్వీఆర్ జేసీ, వడ్లమూడిలో విజ్ఞాన్, అటు బెజవాడలో లయోలా, స్టెల్లా, సిద్ధార్థ, ఇంటర్ కాలేజీలైతే ఇక లెక్కపెట్టే పని లేదు. ఇన్ని ఉండి కూడా సాయంత్రం ఆరింటికి గుంటూరులో రోడ్డు మీదకొస్తే పద్దెనిమిదేళ్ళ పిల్లలు ఎంతమంది కనపడతన్నారు చెప్పండి? ఈ ఉత్తరం ఆ ముక్క అడగటానికే రాస్తన్నా, కాస్త పొడుగైతే ఏమనుకోకండి, కత్తిరించినా పర్లేదు.

నేను బ్రాడీపేటలో ఉంటాను. ఈ పేట గురించి తెలియని వాళ్ళ కోసం ఒక మాట, ఇక్కడ అడ్రస్‌లు లెక్కల పుస్తకంలో లాగా ఉంటాయి, 4/14 అంటే నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డు. కొత్తగా ఊళ్ళోకొచ్చిన పిల్లాడు కూడా పది నిమిషాల్లో ఇల్లు పట్టుకుంటాడు. మా అత్తగారి రోజుల్లో ఈ లైన్లలో చాలా ఇళ్ళకి మేడ మీద ఒక రూము ఉండేది, ఆ రూములో ఇద్దరో ముగ్గురో స్టూడెంట్లు ఉండేవాళ్ళు, నరసరావుపేట వైపు నుంచీ పొన్నూరు వైపు నుంచీ వచ్చిన రైతు బిడ్డలు. పొద్దున బస్సులో ఊరి నుంచి క్యారేజీ వచ్చేది, దాని మూత మీద పేరు రాసి ఉండేది, మధ్యాహ్నానికి ఖాళీ క్యారేజీ మళ్ళీ బస్సెక్కేది. పండక్కి వెళ్ళి అరమూట బియ్యమో, ఎండు మిరపకాయలో తెచ్చి ఇంటి ఓనరమ్మకి ఇచ్చేవాళ్ళు. ఆవిడ జ్వరమొస్తే కాస్త జావ కాచి పోసేది, రాత్రి ఆలస్యంగా వస్తే నాలుగు చివాట్లు పెట్టేది, అవి కూడా అద్దెలో భాగమే అన్నమాట.

పాత రోజులు బంగారం అని చెప్పటానికి కాదండీ ఇదంతా. అప్పుడు ఆడపిల్లలకి అట్టా రూము ఇచ్చేవాళ్ళే లేరు, కులం అడక్కుండా ఇచ్చే ఇల్లూ తక్కువే, దాని సంగతికి మళ్ళీ వస్తా. నేను చెప్పేది ఏంటంటే స్టూడెంట్ అనే మనిషి ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషిగా ఉండేవాడు. కిరాణా కొట్టులో ఖాతా ఉండేది, సైకిల్ షాపు వాడికి పేరు తెలుసు, లైబ్రరీలో కుర్చీ తెలుసు. ఎన్టీ రామారావు గారినే తీసుకోండి, బెజవాడ ఎస్సారార్ కాలేజీలో చదివే రోజుల్లో హోటళ్ళకి పాలు పోసేవారని అందరూ చెప్పుకునేదే, అక్కడే విశ్వనాథ సత్యనారాయణ గారు నాటకంలో ఆడవేషం వెయ్యమంటే మీసం తియ్యనని అట్టాగే స్టేజీ ఎక్కి మీసాల నాగమ్మ అనిపించుకున్నారు, ఆ తర్వాత గుంటూరు వచ్చి ఏసీ కాలేజీలో బీఏ చదివారు. ఏసీ కాలేజీ అంటే 1885 నాటిది. పాలు పోసుకుంటా, నాటకాలు ఆడుకుంటా, ఊళ్ళో తిరుగుతా చదువుకున్న మనిషి ఏమయ్యాడో మీకు నేను చెప్పాలా. ఇవాళైతే ఆ పిల్లాడిని ఔటింగ్ పర్మిషన్ లేదని గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు.

కాలేజీ వల్ల ఊరికి ఏం ఒరుగుతుంది అని ఎవరైనా అడిగితే నేను మొదట చూపించేది మాల్స్ కాదు, పెద్దాసుపత్రి. 1946లో మెడికల్ కాలేజీ రాబట్టే ఆ ఆసుపత్రి ఇవాళ ఇంత అయ్యింది. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి జనం రాత్రికి రాత్రి ఆటోలు కట్టించుకుని వచ్చేది అక్కడికే. 2016లో గుండె మార్పిడి ఆపరేషన్ కూడా చేశారు సర్కారు ఆసుపత్రిలో, అది చిన్న సంగతా. ఇంకో విషయం, ఈ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళి స్థిరపడ్డ డాక్టర్లంతా జింకానా అని ఒక సంఘం పెట్టుకుని ఇక్కడి ఆసుపత్రికి డబ్బు పంపి బ్లాకులు కట్టిస్తన్నారు. ఎక్కడో ఉన్న వాళ్ళకి గుంటూరు మీద అంత మమకారం దేనికంటారు? చదువుకున్నన్నాళ్ళు వాళ్ళు ఈ ఊళ్ళో బతికారు. వార్డుల్లో మన జనం బాధ చూశారు, శంకర్ విలాస్ దగ్గర నిలబడి కాఫీ తాగారు, కొత్తపేట అంతా నడిచారు. గోడల మధ్య రెండేళ్ళు ఉండి ర్యాంకు తీసుకెళ్ళిన పిల్లాడు ఇరవై ఏళ్ళ తర్వాత గుంటూరుకి రూపాయి పంపిస్తాడని నాకైతే నమ్మకం లేదు, వాడికి ఊరే తెలియదు గదా.

గుంటూరు పక్కనే ఉన్న లాం వ్యవసాయ ఫారం సంగతి కూడా ఇట్టాంటిదే. ఎల్‌సీఏ 334 అనే మిరప రకం ఎక్కడ పుట్టింది? లాంలో. ఎల్‌బీజీ 752 మినుము? అదీ లాంలోనే. మన యార్డుకొచ్చే మిర్చి టిక్కీ వెనకాల ఒక పరిశోధన కేంద్రం ఉందని బ్రాడీపేటలో పుట్టి పెరిగిన పిల్లలకి కూడా తెలియదు, ఎప్పుడైనా వాళ్ళని లోపలికి తీసుకెళ్ళి చూపిస్తే గదా.

మా అమ్మాయి అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళో ఉంటుంది, మనవరాలు పుట్టినప్పుడు నేనూ మావారూ వెళ్ళి ఆర్నెల్లు ఉండొచ్చాం. అమెరికా గొప్పలు చెప్పే వాళ్ళంటే నాకూ చిరాకే, అందుకని వాళ్ళ రోడ్ల నున్నదనం గురించి ఒక్క ముక్క రాయను. ఊరు చాలా చిన్నది, జనాభా లక్షా ఇరవై వేల పైచిలుకు, అంటే మన తెనాలి కంటే కూడా తక్కువ. అందులో యూనివర్సిటీ పిల్లలే యాభై వేల పైన. 1837లో ఆ ఊరి వాళ్ళు 40 ఎకరాలు ఊరికే ఇచ్చి డెట్రాయిట్ నుంచి యూనివర్సిటీని తమ ఊరికి రప్పించుకున్నారంట. నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటంటే కాంపౌండ్ వాల్ లేదు. యూనివర్సిటీ ఎక్కడ మొదలయ్యిందో బజారు ఎక్కడ అయిపోయిందో తెలియదు. మేం రోజూ పొద్దున కూరగాయలకి వెళ్ళేటప్పుడు క్యాంపస్ మధ్యలో నుంచే నడిచి వెళ్ళేవాళ్ళం, చీర కట్టుకున్న ముసల్ది ఇక్కడెందుకు తిరుగుతుంది అని ఏ వాచ్‌మెనూ అడగలేదు.

సిటీ బస్సుల్లో యూనివర్సిటీ పిల్లలకి టికెట్ లేదు, కార్డు చూపిస్తే చాలు. ఊరి లైబ్రరీలో పుస్తకాలే కాదు, నక్షత్రాలు చూసే టెలిస్కోపులు, సంగీతం వాయిద్యాలు కూడా ఇంటికి ఇస్తారు. ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారం ఊరు ఊరంతా తిరునాళ్ళే, స్టేడియంలో లక్షా ఏడు వేల మంది పడతారంట, అంటే దగ్గర దగ్గర ఊరి జనాభా అంత. అన్నీ బావున్నాయా అంటే లేవు. అద్దెలు వింటే గుండె ఆగుతుంది, చలికాలంలో ముక్కు ఊడి పడుతుందేమో అనిపిస్తుంది, స్టూడెంట్లకే ఇళ్ళన్నీ పోతన్నాయని అక్కడి మామూలు జనం గొడవ వాళ్ళకుంది. అయినా డెబ్భై ఏళ్ళ ముసలాళ్ళు సాయంత్రం యూనివర్సిటీలో ఏదో ఉపన్యాసం ఉందని కోటు వేసుకుని వెళ్ళటం, పక్కన కూర్చున్న పంతొమ్మిదేళ్ళ పిల్లతో మాట్లాడుకోవటం కళ్ళారా చూశా. అది డబ్బుతో వచ్చేది కాదండీ. గేటు తీసి ఉంచితే వచ్చేది.

ఇప్పుడు మన సంగతి. పదహారు పదిహేడేళ్ళ పిల్లల్ని ఇంటర్ పేరుతో తీసుకొచ్చి బిల్డింగులో పెడతన్నారు, కిటికీలకి గ్రిల్స్, బాల్కనీలకి మెష్, పొద్దున అయిదింటికి లేపితే రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్. ఒక్కో చోట క్లాసూ హాస్టలూ ఒకే బిల్డింగ్ కాబట్టి ఎండ కూడా తగలదు. వాళ్ళు గుంటూరులో ఉన్నారా విజయవాడలో ఉన్నారా హైదరాబాదులో ఉన్నారా అనేది వాళ్ళకి ఏం తేడా చెప్పండి. ఇంజనీరింగ్ వాళ్ళదీ అంతే, కాకపోతే బస్సుల్లో. పొద్దున ఏడింటికి ఊళ్ళో ప్రతి సెంటర్లో పసుపు బస్సులు వరసగా ఆగుతాయి, పిల్లల్ని ఎక్కించుకుపోతాయి, సాయంత్రం తెచ్చి దింపుతాయి. క్యాంపస్‌లన్నీ ఊరికి దూరంగా హైవే పక్కన, పొలాల్లో. నాగార్జున యూనివర్సిటీనే చూడండి, 1967లో నల్లపాడులో పీజీ సెంటర్‌గా మొదలయ్యిందంటే గుంటూరు పక్కనే ఉన్నట్టు, 1976లో యూనివర్సిటీ అయ్యి ఇప్పుడు రెండు ఊళ్ళకీ మధ్యలో, ఇటూ కాదు అటూ కాదు. అక్కడ మంచి సెమినార్ జరిగినా ఊళ్ళో వాళ్ళకి తెల్లారి పేపర్లో ఫొటో చూస్తే గానీ తెలియదు, మీ పేపర్లోనే లెండి.

పిల్లల్ని వదిలితే చెడిపోతారు, గంజాయి అలవాటవుతుంది, బైకులేసుకుని తిరుగుతారు, ఇదీ అందరూ చెప్పే మాట. భయం నిజమే, నాకూ మనవలున్నారు. కానీ రెండేళ్ళు బంధించి ఒక్కసారిగా వదిలితే ఏమవుతుందో కూడా చూస్తన్నాం గదా. మా మేడ మీద అద్దెకుండే పిల్లల్లో ఇంటర్‌లో తొంభై అయిదు శాతం తెచ్చుకున్న వాడికి బ్యాంకులో చలానా రాయటం రాదు, కూరగాయలు బేరమాడటం రాదు, కరెంటు పోతే ఫ్యూజు ఎక్కడుంటుందో తెలియదు, పక్కింటి వాళ్ళని పలకరించాలంటే బెరుకు. పిల్లాడి తప్పేముంది, నేర్చుకునే వయసులో వాడిని ఎవరూ బయటకి రానివ్వలేదు. నలుగురి కళ్ళ ముందు తిరిగే పిల్లాడికి నలుగురి కాపలా ఉంటుంది, వార్డెన్ ఒక్కడే కాపలా అయితే వాడు నిద్రపోయినప్పుడే అన్నీ జరుగుతాయి.

కాలేజీల వాళ్ళనే అంటే సరిపోదు, మన ఇళ్ళ ఓనర్లం కూడా తక్కువ వాళ్ళం కాదు. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం ఏ లైనులోకెళ్ళినా గేటుకి టు లెట్ బోర్డు, దాని కింద ఓన్లీ ఫ్యామిలీస్. ఫోన్ చేస్తే ముందు అడిగే ప్రశ్న మీరేవిట్లు అని, అంటే మీ కులమేంటని. రెండోది నాన్‌వెజ్ తింటారా అని. గుంటూరులో ఉండి గోంగూర మటన్ వాసన రాకూడదంటే ఎట్టాగండీ అసలు. ఎస్సీ పిల్లలు, ముస్లిం పిల్లలు రూము దొరక్క ఎక్కడో ఊరి చివర దిగి రెండు ఆటోలు మారి కాలేజీకి వస్తన్నారు. గుర్రం జాషువా గారు చివరి రోజులు గడిపి 1971లో కన్నుమూసిన ఊరిది. ఆయన జయంతికి దండలు వేసి, ఇంటికొచ్చి ఆ ప్రశ్నే అడుగుతాం. ఈ పేరా మీరు కత్తిరిస్తారేమో అని అనుమానం, వద్దు, మిగతాది కత్తిరించండి.

లైబ్రరీల దగ్గరకొస్తే నాకు కోపమే. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు, 1960 చట్టం నుంచి వస్తంది. చాలామందికి ఆ సెస్సు కడతన్నామనే తెలియదు, రసీదు ఒకసారి తీసి చూసుకోండి. వసూలైన సెస్సు టైముకి గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యట్లేదని మీ పేపర్లోనే ఎన్నోసార్లు చదివాం. ఇంకోపక్క గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ ప్రిపేరయ్యే పిల్లలు ప్రైవేటు స్టడీ హాల్స్‌లో నెలకింత అని కట్టి ఒక కుర్చీ, ఒక ఫ్యాను, ఒక ప్లగ్గు పాయింటు అద్దెకి తీసుకుంటన్నారు. వాళ్ళ అమ్మానాన్నలు సెస్సు కట్టారు, వీళ్ళు అద్దె కడతన్నారు, ఒకే కుర్చీకి రెండుసార్లు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది 1914లో, మన బెజవాడలో. అట్టాంటి చోట లైబ్రరీ రాత్రి పది దాకా తెరిచి ఉంచటం అంత కష్టమా? ఇద్దరు మనుషులు, నాలుగు లైట్లు, తాగే నీళ్ళు, ఆడపిల్లలకి శుభ్రమైన బాత్రూము. ఇంతకంటే ఏం అడగట్లేదు.

బెజవాడ ఈ విషయంలో మనకంటే నయమని ఒప్పుకోవాలి, గుంటూరు వాళ్ళు తిట్టుకున్నా సరే. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులున్నాయి, ఠాగూర్ లైబ్రరీ నడిబొడ్డున ఉంది, 1989 నుంచి జనవరి వచ్చిందంటే పుస్తకాల పండగ. స్వరాజ్ మైదానం ఉన్నన్నాళ్ళు అక్కడే ఎక్కువసార్లు జరిగేది, ఇప్పుడక్కడ అంబేద్కర్ గారి విగ్రహం వచ్చింది, పండగ వేరే గ్రౌండ్లకి మారింది. ఆ పండక్కి ఎన్ని రెసిడెన్షియల్ కాలేజీలు పిల్లల్ని పంపిస్తన్నాయో ఎవరన్నా లెక్క తీస్తే బావుంటుంది. ఊళ్ళో పుస్తకాల పండగ జరుగుతుంటే అరగంట దూరంలో వేల మంది పిల్లలు మెటీరియల్ బట్టీ పడతా కూర్చుంటారు.

గ్రౌండ్ల మాట కూడా అనేస్తా. కొన్ని కాలేజీలు పొద్దున పూట వాకింగ్‌కి జనాన్ని రానిస్తన్నాయి, వాళ్ళకి దణ్ణం పెట్టాలి. రానివ్వని వాళ్ళ కారణాలు కూడా నాకు అర్థమవుతాయి, వాకింగ్‌కొచ్చిన పెద్దమనుషులు వాటర్ బాటిళ్ళు అక్కడే పారేసి పోతన్నారు, కుక్కల్ని తెస్తన్నారు, వద్దన్న సెక్యూరిటీ వాడి మీద నేనెవరో తెలుసా అని అరుస్తన్నారు. ముందు మనకి బుద్ధుండాలి. టైము పెట్టి, కార్డులిచ్చి, తప్పు చేస్తే కార్డు తీసేస్తే సరిపోద్ది గదా, అసలుకే తాళం వేస్తే ఎట్టా.

ఆడపిల్లల విషయంలో మాత్రం ఒక మంచి మార్పు చూస్తన్నా. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ తీసేశాక, డే స్కాలర్ పిల్లలు ఊరి నుంచి వచ్చిపోవటం తేలికయ్యింది, మా పనమ్మాయి చెల్లెలు రోజూ ఊరి నుంచే వచ్చి డిగ్రీ చదువుతంది, హాస్టల్ ఖర్చు తప్పింది. అయితే సాయంత్రం క్లాసయ్యాక ఓ గంట లైబ్రరీలో కూర్చుంటే ఆఖరి బస్సు పోతుందని పరిగెత్తాల్సి వస్తంది. బస్సు ఫ్రీగా ఇచ్చినవాళ్ళు ఆ పిల్ల కోసం రాత్రి ఎనిమిదిన్నరకి ఇంకో ట్రిప్పు వేస్తే ఆ ఫ్రీకి అర్థం ఉంటుంది.

చివరగా ఒక్క పని అడుగుతున్నా, ఇది మాత్రం కార్పొరేషన్ వాళ్ళు రేపటి నుంచే చెయ్యొచ్చు. ఆదివారం పూట ఏ రెసిడెన్షియల్ కాలేజీ ముందుకైనా వెళ్ళి చూడండి. ఎక్కడెక్కడి నుంచో అమ్మానాన్నలు వస్తారు, తెల్లారుజామున లేచి పులిహోర, చికెన్, పిల్లాడికిష్టమైన జంతికలు కట్టుకుని రెండు బస్సులు మారి వస్తారు. గేటు తీసే దాకా రోడ్డు పక్కన మురుక్కాలవ గట్టు మీద కూర్చుంటారు, లోపల పిల్లాడు, బయట వీళ్ళు, మధ్యలో కలిసేది కాసేపే, ఆ కాసేపు కూడా ఏ ఆటో నీడలోనో టవల్ పరుచుకుని అన్నం కలిపి పెడతారు. ఆడవాళ్ళకి బాత్రూము ఉండదు, ఆ కారణంగా పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా వచ్చామని చెప్పిన తల్లులున్నారు. లక్షలు ఫీజు తీసుకునే బిల్డింగ్ ముందు నాలుగు సిమెంటు బల్లలు, ఒక రేకుల షెడ్డు, కుళాయి, బాత్రూము పెట్టించి తీరాలని కార్పొరేషన్ ఒక్క రూల్ పెట్టలేకపోతుందా?

మీరు ఒక ఆదివారం మీ రిపోర్టర్‌ని పంపించండి. పొద్దున్నే కాదు, మధ్యాహ్నం పన్నెండింటికి పంపించండి, మే నెలలో అయితే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు